పాత మేడ పిట్టగోడ స్తంభానికి అచ్చు తీసి, కొత్తవి పోసుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో, విజయవాడ వన్‌టౌన్ సందుల్లో పాత మేడలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. వాటి పిట్టగోడలకు నలుపలకల పీఠం, బొద్దు బొజ్జ, సన్నటి మెడ ఉన్న పొట్టి స్తంభాలు వరసగా ఉంటాయి. ఏళ్ళు గడిచేసరికి వాటిలో రెండో మూడో పగిలి ఊడిపోతాయి. మేస్త్రీని పిలిస్తే "ఇవెక్కడ దొరుకుతాయండీ, అన్నీ తీసేసి స్టీల్ రెయిలింగ్ వేయిద్దాం" అంటాడు. షాపులో దొరికేవి ఎత్తులోనో లావులోనో సరిపోవు. కానీ వరసలో ఒక్కటి బాగున్నా చాలు, దానితోనే అచ్చు తీసి ఎన్ని కావాలంటే అన్ని పోసుకోవచ్చు.

ఇక్కడ లెక్కలన్నీ 45 సెం.మీ. ఎత్తు, సగటున 11 సెం.మీ. మందం, బొజ్జ మీద ఆకుల నగిషీ ఉన్న స్తంభానికి వేశాను. మీది వేరే కొలత అయితే లెక్క మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు చూడాల్సింది బయటికి వచ్చే దారి

అచ్చు పనిలో కొత్తవాళ్ళు లోపలికి ఎలా పోయాలా అని ఆలోచిస్తారు. చేయి తిరిగినవాళ్ళు బయటికి ఎలా వస్తుందో ముందు చూస్తారు. అచ్చు రెండు ముక్కలా మూడా, గట్టిదా రబ్బరుదా, ఎటు నుంచి పోయాలి, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదే తేలతాయి.

స్తంభాన్ని బల్ల మీద పడుకోబెట్టి నేరుగా పైనుంచి చూడండి. కంటికి కనిపించే భాగమంతా పైకి లాగితే వచ్చేస్తుంది. ఏ అంచు కిందో దాక్కుని కనిపించని చోటు ఉంటే గట్టి అచ్చు అక్కడ పట్టేస్తుంది. లేత్ మీద తిప్పినట్టు గుండ్రంగా, నున్నగా ఉన్న స్తంభాన్ని సరిగ్గా సగానికి చీల్చినట్టు రెండు ముక్కల అచ్చు చేస్తే ఎక్కడా పట్టదు. అలాంటిదానికి సిలికాన్ రబ్బరు కొనడం డబ్బు దండగ. ఫైబర్ గ్లాస్ అచ్చు చాలు, ఎక్కువ కాలం కూడా వస్తుంది. ఆకులు, పూలు, నిలువు గాడులు ఉన్నప్పుడే రబ్బరు అవసరం, ఎందుకంటే అది వంగి, సాగి, ఆకు కింద నుంచి తప్పుకుని వస్తుంది.

ఇప్పుడు రెండు ముక్కలు విడిపోయే గీత ఎక్కడో తేల్చాలి. గుండ్రటి భాగంలో ఎక్కడైనా ఒకటే. చిక్కంతా నలుపలకల పీఠం దగ్గర. గీతను పీఠం పలకల మధ్యలో వేస్తే పక్క గోడలు నిలువుగా నిలబడతాయి, లాగేటప్పుడు రాసుకుంటూ వస్తాయి. అదే ఎదురెదురు మూలల మీదుగా వేస్తే ప్రతి పలకా ఏటవాలు అవుతుంది, అచ్చు సులువుగా విడిపోతుంది. పైగా అతుకు గీత మూలలోనే పడుతుంది కాబట్టి ఆకురాయితో రెండు గీతలు గీస్తే కనిపించకుండా పోతుంది. పెన్సిల్‌తో ఆ గీతను స్తంభం చుట్టూ ఇప్పుడే గీసుకోండి.

నమూనాను సిద్ధం చేయడం

బాగున్న స్తంభాన్ని సుత్తితో కొట్టి తీయకండి. పైనా కిందా ఉన్న సున్నం లేదా సిమెంటు అతుకును సన్నటి ఉలితో తొలిచి, లోపల చువ్వ ఉంటే గ్రైండర్‌తో కోసి, ఇద్దరు పట్టుకుని దించండి. తీయడానికి వీలు కాకపోతే గోడ మీదే నిలువుగా అచ్చు తీయవచ్చు గానీ పని రెట్టింపు అవుతుంది.

ఏటా సంక్రాంతికి వేసిన సున్నం పొరలన్నీ దాని మీద పేరుకుని ఉంటాయి. ఆకుల ఈనెలు వాటి కిందే ఉంటాయి. నీళ్ళలో ఒక పూట నానబెట్టి, చెక్కిన వెదురు పుల్లతో, నైలాన్ బ్రష్‌తో మెల్లగా గీకండి. ఈ పనిలో తొందర వద్దు, ఎందుకంటే నమూనా మీద మిగిలిన ప్రతి గీతా ప్రతి కొత్త స్తంభం మీదా వస్తుంది. ఆమ్లాలు పోయకండి, అవి సున్నంతో పాటు అసలు స్తంభాన్నీ తింటాయి. పెచ్చులు లేచిన చోట వాల్ పుట్టీ పెట్టి, ఆరాక 220 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దండి.

బాగా ఆరిన తర్వాత రెండు పూతలు షెల్లాక్ (లక్క) పాలిష్ వేయండి. సిమెంటుకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, మూయకపోతే రబ్బరు వాటిలోకి దిగి పట్టుకుంటుంది. పాలిష్ ఆరాక మైనం గానీ వాజెలిన్ గానీ పలచగా రాసి గుడ్డతో తుడవండి. వాజెలిన్ మీద బ్రష్ గీతలు మిగిలితే అవి కూడా అచ్చులోకి దిగుతాయి. సెంట్రింగ్ పనివాళ్ళు పలకలకు పూసే పాత ఇంజిన్ ఆయిల్ మాత్రం ఇక్కడికి తేకండి, మరక వదలదు, రబ్బరునూ పాడు చేస్తుంది.

మట్టి పడక

స్తంభం కంటే అన్ని వైపులా 5 సెం.మీ. పెద్దగా ఉండే ప్లైవుడ్ పెట్టె బిగించండి. స్తంభం పొడవు దిశలో ఉన్న రెండు చివరలు మాత్రం ప్లైవుడ్‌కు ఆని ఉండాలి, అవే తర్వాత నోరు, అడుగు అవుతాయి. పెన్సిల్ గీత నేలకు సమాంతరంగా వచ్చేలా స్తంభాన్ని అందులో పడుకోబెట్టి, గీత వరకు మట్టితో నింపండి. కుమ్మరులు వాడే మెత్తటి మట్టి బాగా పనిచేస్తుంది. అది ఆరితే కుంచించుకుని స్తంభానికి ఎడం వదులుతుంది కాబట్టి పడక సర్దిన రోజే రబ్బరు పూయాలి, ఈలోగా తడి గుడ్డ కప్పి ఉంచాలి. పిల్లలు ఆడుకునే రంగు ప్లాస్టిసిన్ వాడేటట్లయితే జాగ్రత్త, కొన్నిట్లో గంధకం ఉంటుంది. ప్లాటినం రకం సిలికాన్ గంధకం తగిలిన చోట గట్టిపడకుండా జిగురుగానే మిగిలిపోతుంది.

మట్టి స్తంభానికి తగిలే చోట అంచు పదునుగా, సరిగ్గా మూలమట్టంగా ఉండాలి. అక్కడ వంపు తిరిగితే పోసిన స్తంభానికి అతుకు దగ్గర పలచటి రెక్క లేస్తుంది. చివరగా మట్టి మీద అరచేతి దూరానికొకటి చొప్పున గోళీలను సగం దిగేలా నొక్కి తీసేయండి. ఆ గుంటల్లో మొదటి సగం రబ్బరు బొడిపెలుగా వస్తుంది, రెండో సగంలో వాటికి సరిపడా గుంటలు పడతాయి. రెండు ముక్కలు ప్రతిసారీ అదే చోట కూర్చోవడానికి ఈ తాళాలే ఆధారం.

రబ్బరు ఎంత, ఎలా

సిలికాన్ ఖరీదైన సరుకు. పెట్టె నిండా పోస్తే ఎంతవుతుందో చూడండి. 20 × 20 × 45 సెం.మీ. పెట్టెలో 18,000 ఘన సెం.మీ. పడుతుంది. స్తంభం ఆక్రమించేది 4,400. మిగిలిన 13,600కు, సిలికాన్ సాంద్రత 1.1 అనుకుంటే, 15 కిలోలు కావాలి. అదే స్తంభం చుట్టూ 1 సెం.మీ. మందాన తొడుగులా పూస్తే? చుట్టుకొలత 35, ఎత్తు 45, అంటే 1,575 చ.సెం.మీ. ఒక సెం.మీ. మందానికి సుమారు 1.75 కిలోలు. అంచులకు, గిన్నెకు అంటుకునేదానికి కలిపి 2.2 కిలోలు అనుకోండి. అందుకే ఈ పనికి రబ్బరు తొడుగు, దాన్ని నిలబెట్టే ప్లాస్టర్ కవచం అనే జోడీయే సరైనది.

సిలికాన్‌లో రెండు రకాలున్నాయి. టిన్ రకం చవక, మట్టి, గంధకం లాంటివాటికి అంత బెదరదు, గట్టిపడ్డాక కాస్త కుంచించుకుంటుంది. ప్లాటినం రకం దాదాపు కుంచించుకోదు, కానీ ధర ఎక్కువ, మడి కూడా ఎక్కువే. పిట్టగోడ స్తంభానికి మిల్లీమీటరు తేడా ఎవరికీ కనిపించదు కాబట్టి టిన్ రకం తీసుకోండి. మరీ గట్టి రబ్బరు ఆకు నగిషీ నుంచి రాదు, రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్ ఎ స్కేలు మీద 20 నుంచి 30 మధ్యది అడగండి.

టిన్ రకాల్లో చాలావాటికి కేటలిస్ట్ (రబ్బరును గట్టిపరిచే మందు) 2 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది, డబ్బా మీద రాసినదే ప్రమాణం. 3 శాతం అయితే కిలోకు 30 గ్రాములు. మూతతోనో చెంచాతోనో అంచనా వేయకండి, గ్రాములు చూపే కాటా పెట్టుకోండి. మన వేసవిలో ఇంకో చిక్కు ఉంది. డబ్బా మీద రాసే సమయం సాధారణంగా 25 డిగ్రీలకు. మే నెలలో 42, 43 డిగ్రీలున్న మధ్యాహ్నం ఆ సమయం సగానికి పైగా తగ్గిపోతుంది, బ్రష్ చేతిలో ఉండగానే గడ్డకడుతుంది. అలాగని కేటలిస్ట్ బాగా తగ్గిస్తే అసలు గట్టిపడదు. తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టి, ఒకేసారి కాకుండా అరకిలో చొప్పున కలుపుకోవడమే దారి.

కలిపేటప్పుడు గాలి లాక్కోకుండా మెల్లగా, గిన్నె అడుగూ అంచులూ గీకుతూ మూడు నిమిషాలు తిప్పండి. తర్వాత ఇంకో శుభ్రమైన గిన్నెలోకి వంచి మళ్ళీ తిప్పండి. ఒక గిన్నెలోనే కలిపితే అంచుకు అంటుకున్న పచ్చి రబ్బరు చివర్లో బ్రష్‌కు వస్తుంది, అచ్చు మీద ఆ మచ్చ ఎప్పటికీ ఆరదు.

మొదటి పూత పలచగా, పొట్టి బ్రష్‌తో ఆకుల మూలల్లోకి పొడుస్తున్నట్టు వేయాలి. నగిషీ అంతా ఈ పూతే పట్టుకుంటుంది, బుడగలు పుట్టేదీ ఇందులోనే. వేలు పెడితే జిగురు తగిలి, వేలికి మాత్రం అంటని దశలో రెండో పూత. మూడో పూతకు చిక్కబరిచే ద్రవం కొద్దిగా కలిపితే నిలువు చోట్ల జారదు. రెండో పూతకూ మూడో పూతకూ మధ్య పలచటి బ్యాండేజీ గుడ్డ ముక్కలు పరిస్తే తొడుగు చిరగదు. మొత్తం మందం ఒక సెంటీమీటరు వచ్చేలా చూసుకోండి, మట్టి మీద కూడా 3 సెం.మీ. వెడల్పున అంచులా పరవండి. పైభాగంలో గుంటలు లేకుండా నింపి నున్నగా దిద్దండి, లేకపోతే గట్టి కవచం వాటిలో ఇరుక్కుంటుంది. అయినా రెండు మూడు చోట్ల ఏటవాలు బొడిపెలు మాత్రం కావాలని పెట్టండి, తొడుగు కవచంలో జారకుండా అవి పట్టుకుంటాయి.

ప్లాస్టర్ కవచం

రబ్బరు గట్టిపడ్డాక దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కిలోకు 700 మి.లీ. నీళ్ళు. ఎప్పుడూ నీళ్ళలోకే ప్లాస్టర్ చల్లాలి, ప్లాస్టర్‌లో నీళ్ళు పోస్తే ఉండలు కడతాయి. చల్లాక రెండు నిమిషాలు నాననిచ్చి, అప్పుడు కలపండి. గోనె పట్టీలను అందులో ముంచి, పొర మీద పొరగా 3 సెం.మీ. మందం వచ్చేలా పరవండి. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ బాగా వేడెక్కుతుంది. పలచటి పొర అయితే పర్వాలేదు గానీ, పెద్ద ముద్దలో చేయి ఉంచితే కాలి బొబ్బలెక్కుతుంది. మిగిలిన ప్లాస్టర్ నీళ్ళు సింకులోనో బాత్‌రూమ్ తూములోనో పారబోయకండి, పైపులోనే రాయి అయి కూర్చుంటుంది.

గంట తర్వాత మొత్తం తిరగేసి, మట్టి తీసేసి, రెండో సగం కూడా ఇదే వరసలో చేయాలి. ఒక్కటి మర్చిపోకూడదు. సిలికాన్ మరి దేనికీ అంతగా అంటుకోదు గానీ సిలికాన్‌కు మాత్రం విడదీయలేనంతగా అంటుకుంటుంది. రెండో సగం పూసే ముందు మొదటి సగం రబ్బరు అంచుకు, బొడిపెలతో సహా, వాజెలిన్ రాయండి. ప్లాస్టర్ అంచుకూ అంతే. ఇది వదిలేస్తే రెండు ముక్కల అచ్చు ఒకే ముక్క అవుతుంది, దాన్ని కత్తితో కోయాల్సిందే.

మర్నాటి వరకు కదపకండి. తెరిచేటప్పుడు ఇనుప కమ్మీలు పెట్టి ఎత్తకుండా, అతుకు చుట్టూ చెక్క చీలలు కొద్దికొద్దిగా దిగ్గొట్టండి. ముందు కవచం వస్తుంది, తర్వాత రబ్బరును ఒక అంచు నుంచి ఒలచాలి. మొదటి పోతకు ముందు అచ్చును రెండు మూడు రోజులు నీడన ఆరనివ్వండి.

పోత

పాత స్తంభాలు ఎందుకు పగిలాయో ఒకసారి చూడండి. చాలావాటిలో చువ్వ ఒక పక్కకు ఒరిగి, పైన సిమెంటు పలచగా ఉంటుంది. తేమ, గాలి చువ్వను చేరి, తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి లోపలి నుంచి చీల్చింది. అదే తప్పు మళ్ళీ జరగకుండా చువ్వను సరిగ్గా మధ్యలో నిలపాలి. మెడ దగ్గర మందం 6 సెం.మీ. అయితే 8 మి.మీ. చువ్వ చుట్టూ 26 మి.మీ. కాంక్రీటు దొరుకుతుంది, అది చాలు. వీలైతే గాల్వనైజ్డ్ చువ్వ వాడండి. అచ్చును తలకిందులుగా, పీఠం పైకి వచ్చేలా నిలబెట్టి, అడుగున రంధ్రం ఉన్న ప్లైవుడ్ ముక్క, పైన నోటికి అడ్డంగా రంధ్రం ఉన్న చెక్క పట్టీ పెట్టి, చువ్వను వాటి గుండా దించితే కదలదు. రెండు చివర్లా అరచేతి పొడవు బయటికి వదలండి, గోడలో దిగడానికి.

పీఠం ఎందుకు పైకి అంటే, గాలి బుడగలు పైకే చేరతాయి. పీఠం అడుగు గోడలో దాగిపోతుంది కాబట్టి అక్కడ గుంటలున్నా పర్వాలేదు.

ఒక్కో స్తంభానికి 2.4 కిలోల సిమెంటు, 3.6 కిలోల ఇసుక, 3.6 కిలోల 6 మి.మీ. కంకర చిప్స్, ఒక లీటరుకు కాస్త పైన నీళ్ళు. ప్లాస్టిసైజర్ కొద్దిగా కలిపితే నీళ్ళు పెంచకుండానే బాగా పారుతుంది. మేస్త్రీలు "ఇంకాస్త జారుగా" అని నీళ్ళు పోయబోతారు, అక్కడ గట్టిగా ఉండండి, పెరిగిన ప్రతి చెంబూ బలాన్ని తగ్గిస్తుంది. కృష్ణ ఇసుకైనా సరే జల్లించి, ఒక సీసాలో సగం ఇసుక, పైన ఉప్పు నీళ్ళు పోసి కుదిపి మూడు గంటలు వదలండి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుకలో 8 శాతం దాటితే కడిగి వాడాలి.

రెండు ముక్కలు కలిపి, పాత సైకిల్ ట్యూబు పట్టీలతో నాలుగైదు చోట్ల బిగించి కట్టండి. తడి కాంక్రీటు 45 సెం.మీ. ఎత్తు నిలిస్తే అడుగున చదరపు సెంటీమీటరుకు వంద గ్రాముల పైనే ఒత్తిడి ఉంటుంది, వదులుగా ఉంటే అతుకు నుంచి సిమెంటు పాలు కారిపోతాయి. ముందు ఒక గ్లాసు చిక్కటి సిమెంటు పాలు పోసి అచ్చును తిప్పుతూ లోపలంతా అంటించండి. ఆ వెంటనే కాంక్రీటును మూడు విడతలుగా పోయండి. ప్రతి విడతకూ సన్నటి కర్రతో పొడుస్తూ, కవచం మీద రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాలి. బుడగలు రావడం ఆగే దాకా తట్టాల్సిందే, ఎక్కువ బుడగలు మెడ కింది అంచు దగ్గరే చిక్కుకుంటాయి.

వేసవిలో 24 గంటలకు, డిసెంబరులో అయితే 36 గంటలకు విప్పండి. అప్పుడది ఇంకా పచ్చిగానే ఉంటుంది, పడుకోబెట్టి ఒలవండి, మెడ దగ్గర పట్టుకుని ఎత్తకండి. అతుకు గీతను ఆ రోజే ఆకురాయితో రుద్దేయండి, వారం ఆగితే గట్టిపడి మీకు చెమటలు పట్టిస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ వడగాలిలో పచ్చి సిమెంటు గురించి చెప్పేదేముంది. నీడన పెట్టి, తడి గోనె సంచులు చుట్టి, పైన పాలిథిన్ కప్పండి. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10 రోజులు తడి ఆరకూడదు. నా మాట వింటే దేనికైనా రెండు వారాలు ఉంచండి, అంత సన్నటి మెడకు ఆ మాత్రం అవసరమే.

తేడా వస్తే

స్తంభం మీద అక్కడక్కడా గుండుసూది రంధ్రాలుంటే సిమెంటు పాలు సరిగ్గా అంటలేదని అర్థం, తెల్ల సిమెంటు ముద్దతో పూడ్చేయవచ్చు. అతుకు దగ్గర మెట్టులా వస్తే తాళం బొడిపెల్లో ఇసుక రేణువు ఇరుక్కుంది, శుభ్రం చేసి మళ్ళీ కట్టండి. రబ్బరు ఒక చోట మాత్రమే జిగురుగా మిగిలితే కలపడంలో లోపం, మొత్తం జిగురుగా ఉంటే కేటలిస్ట్ తక్కువైంది. మొదటిదానికి ఆ మచ్చ గీకేసి పైన కొత్త రబ్బరు పూస్తే సరిపోతుంది, రెండోదానికి మందు లేదు.

వినాయక చవితికి ఇదే చేతితో

ప్లాస్టర్ కలపడం వచ్చింది కాబట్టి మట్టి వినాయకుడి అచ్చు కూడా చేసుకోవచ్చు, ఇది చాలా తేలిక. ఇక్కడ షెల్లాక్ వద్దు, వాజెలిన్ వద్దు. ఆరిన ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటుంది, అదే ఇక్కడ ఊడదీసే పని చేస్తుంది. రెండు సగాల్లో మట్టిని వేళ్ళతో నొక్కి, అంచులకు మట్టి పాలు రాసి కలిపి, పావుగంట ఆగితే బయటి పొర ఆరి, కుంచించుకుని, అచ్చును తానే వదులుతుంది. అయిదారు బొమ్మల తర్వాత అచ్చు నీళ్ళు తాగి నెమ్మదిస్తుంది, నీడన గాలికి ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెట్టవద్దు, 50 డిగ్రీలు దాటితే ప్లాస్టర్ లోపలి నీరు పోయి పొడిపొడి అవుతుంది. ప్లాస్టర్‌ను అచ్చుకే ఉంచండి, బొమ్మకు కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు ప్లాస్టర్ విగ్రహాలు వద్దనే చెప్పాయి.

బిగించడం, దాచడం

పాత మేడ గానుగ సున్నంతో కట్టినదైతే కొత్త స్తంభాన్ని కూడా సున్నం కలిసిన మెత్తటి మోర్టార్‌లోనే కూర్చోబెట్టండి. గట్టి సిమెంటు ముద్ద పెడితే పాత గోడ అంచే పగులుతుంది. రంగు తేడాకు కంగారు పడకండి, అన్నిటికీ కలిపి ఒక పూత సున్నం వేస్తే సరి.

సిమెంటులోని క్షారం రబ్బరును కొద్దికొద్దిగా తింటుంది, అయినా జాగ్రత్తగా వాడితే ఒక ఇంటి పిట్టగోడకు కావలసినన్ని వస్తాయి. పని అయ్యాక అచ్చును సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండు సగాలను కవచంలోనే కలిపి కట్టి, ఎండ తగలని చోట పడుకోబెట్టి ఉంచండి. రబ్బరును విడిగా మడిచి అటక మీద పడేస్తే ఆ మడతలోనే వంకర తిరిగిపోతుంది. కవచం మీద ఇంటి పేరు, కొలతలు, ఒక్కో పోతకు పట్టిన సిమెంటు లెక్క మార్కర్‌తో రాసి పెట్టండి, పదేళ్ళ తర్వాత ఇంకొకటి విరిగినప్పుడు పని అక్కడి నుంచే మొదలవుతుంది.